తోలుకు ఎక్కని క్రోమ్ ఎక్కడికి పోతోంది?

సున్నం కడిగిన తోలు వంద కిలోలకు ఎనిమిది కిలోల క్రోమ్ పౌడరు. తోళ్లు బాగుచేసే ఫ్యాక్టరీలో, అంటే టానరీలో పనిచేసే ఎవరినడిగినా చెప్పే లెక్క ఇది. మామూలు పద్ధతిలో ఆ ఎనిమిది కిలోల్లో తోలు పట్టుకునేది ఐదు, ఐదున్నర. మిగతా రెండున్నర, మూడు కిలోలు డ్రమ్ములో మిగిలిన నీళ్లలోనే ఉండిపోతుంది. తోలు బయటికి తీస్తారు, నీళ్లు వదిలేస్తారు. తోళ్ల పరిశ్రమ కాలుష్యం గురించి ఎవరు ఏం రాసినా, కోర్టులు ఎన్ని తీర్పులిచ్చినా, క్రోమియం విషయంలో గొడవకు మొదలు ఆ మూడు కిలోల దగ్గరే ఉంది.

నేను తోళ్ల సాంకేతిక శాస్త్రం చదువుకున్నవాడిని. చిత్తూరు జిల్లా పల్లె నుంచి మద్రాసు వెళ్లి చదివాను. ఉద్యోగమంతా పాలారు ఒడ్డున రాణిపేట, వాలాజా, ఆంబూరు చుట్టుపక్కల టానరీల్లోనే గడిచింది. నాకు ఈ పని చదువుతో కొత్తగా వచ్చింది కాదు. మా తాత ఊరి చివర మాదిగవాడలో లంద, అంటే తోళ్లు ఊరేసే తొట్టి, నడిపేవాడు. పచ్చి తోలు సున్నపు నీళ్లలో నానేసి, వెంట్రుకలు గీకి, కండ తీసి, బాగా కడిగి, తంగేడు చెక్క కషాయంలో ఊరేసేవాడు. ఆ తర్వాత తోలును సంచిలా కుట్టి, చెట్టు కొమ్మకు వేలాడగట్టి, లోపల చెక్క పొడి నింపి కషాయం పోసేవాడు. కారింది కారినట్టు కింద కుండలో పట్టి మళ్లీ పైన పోయడమే పని. తోలు తయారవడానికి వారాలు పట్టేది. ఊళ్లో బావి నీళ్లు తోడే కపిల బానకు తొండం ఆ తోలే, ఎద్దులకు వార్లు ఆ తోలే, రైతు కాలికి చెప్పులు ఆ తోలే. వాసన వస్తుందని మమ్మల్ని ఊరికి దూరంగా పెట్టారు గానీ, మా తాత పారబోసిన నీళ్లు ఏ బావినీ పాడుచేయలేదు. ఈ మాట కోపంతో రాస్తున్నది కాదు. తోళ్లు బాగుచేసే కులాల మీద వేసిన నింద ఎంత అన్యాయమైనదో, తర్వాత వచ్చిన కాలుష్యం ముందు పెట్టి చూస్తే తెలుస్తుందని రాస్తున్నాను.

క్రోమ్‌తో తోలు పదును చేయవచ్చని 19వ శతాబ్దం మధ్యలో జర్మనీలో ఫ్రీడ్రిష్ నాప్ గమనించాడు. 1884లో అమెరికాలో అగస్టస్ షుల్జ్ దానికి పేటెంట్ తీసుకున్నాడు. 1893లో మార్టిన్ డెన్నిస్ ఒకే తొట్టిలో పని అయిపోయే పద్ధతి తెచ్చాక అది ప్రపంచమంతా పాకింది. మన వైపు 20వ శతాబ్దం తొలి ఏళ్లలో మద్రాసులో ఆల్‌ఫ్రెడ్ చాటర్టన్ దీన్ని ప్రయత్నించాడు. చెన్నైలోని క్రోంపేటకు ఆ పేరు అక్కడున్న క్రోమ్ లెదర్ ఫ్యాక్టరీ వల్లే వచ్చింది.

క్రోమ్‌కు అంత గిరాకీ ఎందుకో అర్థం కావాలంటే టానరీలో ఉడకబెట్టే పరీక్ష చూడాలి. డ్రమ్ములోంచి తీసిన తోలు లేత నీలం, ఆకుపచ్చ కలిసిన రంగులో తడితడిగా ఉంటుంది. వెట్ బ్లూ అంటారు. దాంట్లోంచి అరచేతిలో సగమంత ముక్క కోసి, తెల్ల కాగితం మీద పెట్టి, పెన్సిలుతో చుట్టూ గీత గీస్తారు. ఆ ముక్కను సలసల మరిగే నీళ్లలో రెండు మూడు నిమిషాలు ఉంచి, తీసి, మళ్లీ అదే గీతలో పెట్టి చూస్తారు. ముక్క గీతలో సరిగ్గా కూర్చుంటే తోలు తయారైనట్టు. అంచులు లోపలికి ముడుచుకుంటే ఇంకా క్రోమ్ ఎక్కాలని లెక్క. పచ్చి తోలైతే 60 డిగ్రీల వేడి దాటగానే ముడుచుకుపోతుంది. తంగేడు, తుమ్మ చెక్కలతో ఊరేసిన తోలు 75, 85 డిగ్రీల దాకా ఓర్చుకుంటుంది. క్రోమ్ తోలు మరిగే నీళ్లకూ చలించదు. తోలులోని కొల్లాజెన్ పోగుల మధ్య క్రోమియం అణువులు చేరి, కట్టెల మోపుకు తాడు బిగించినట్టు వాటిని ఒకదానితో ఒకటి కట్టేస్తాయి. పైగా వారాల పని ఒక్క రోజులో అయిపోతుంది. తోలు మెత్తగా, తేలిగ్గా ఉంటుంది, ఏ రంగైనా పడుతుంది. మీ బూట్లు, బెల్టు, పర్సు, కారు సీటు నిజమైన తోలుతో చేసినవే అయితే అవి క్రోమ్ తోలు అయ్యే అవకాశమే ఎక్కువ. ప్రపంచంలో తయారయ్యే తోలులో నూటికి ఎనభై వంతులకు పైగా అదే.

తమిళనాడులో మాత్రం చాలాకాలం చెక్కతో ఊరేసిన తోలుదే రాజ్యం. ఈస్ట్ ఇండియా టాన్డ్ పేరుతో ఓడలెక్కి ఐరోపా వెళ్లేది. 1972లో సీతారామయ్య కమిటీ, మనం సగం తయారైన తోలు అమ్మి లాభాలు పరాయివాళ్లకు వదిలేస్తున్నామని, పూర్తిగా తయారైన తోలు, చెప్పులు, బూట్లు ఎగుమతి చేయాలని సిఫార్సు చేసింది. ప్రభుత్వం ఒప్పుకుంది. ఆలోచన మంచిదే. ఆంబూరు బూట్ల ఫ్యాక్టరీల్లో వేలాదిమంది ఆడవాళ్లకు జీతాలొచ్చాయి. కుప్పం వైపు నుంచి రైలెక్కి పనికి వచ్చేవాళ్లనూ చూశాను. కానీ దాంతో చెక్క తోలు తగ్గి క్రోమ్ తోలు పెరిగింది. ఐరోపా దేశాలు తమ ఊళ్లలో తడి పని తగ్గించుకుని మన దగ్గర కొనడం పెంచాయి. మురికినీళ్లు మన వాటాకు వచ్చాయి.

ఇక్కడ ఒక తెలుగు పేరు చెప్పకుండా ముందుకు పోలేను. తెనాలి దగ్గర యలవర్రులో 1922లో పుట్టిన యలవర్తి నాయుడమ్మ చెన్నైలోని కేంద్ర తోళ్ల పరిశోధన సంస్థకు చాలాకాలం డైరెక్టరుగా ఉన్నారు. 1985 జూన్ 23న ఎయిర్ ఇండియా కనిష్క విమానం పేలుడులో చనిపోయారు. పల్లెల్లో తోళ్లు బాగుచేసేవాళ్ల చేతిపనిని ల్యాబులోకి తెచ్చి, ల్యాబులో తేలినదాన్ని మళ్లీ వాళ్ల చేతికి అందించాలని పాటుపడిన శాస్త్రవేత్త ఆయన. కాలుష్యాన్ని ఆపే పద్ధతుల్లో చాలా వాటి మీద తర్వాతి రోజుల్లో పనిచేసింది కూడా ఆ సంస్థే. తెలివి లేక మన నదులు చెడలేదు. ఈ మాట మళ్లీ వస్తుంది.

ఇప్పుడు క్రోమియం సంగతి. దీనికి రెండు ముఖ్యమైన రూపాలున్నాయి. ఈ రెండూ కలిపేసి మాట్లాడటం వల్లే పత్రికల్లోనూ టీవీల్లోనూ అయోమయం పుడుతోంది. టానరీ డ్రమ్ములో వేసేది క్రోమియం-3. ఇది నీళ్లలో ఎక్కువసేపు నిలవదు. ఆమ్లం తగ్గగానే బురదగా అడుక్కు దిగుతుంది, మట్టికి అతుక్కుంటుంది. ఒంట్లోకి సులభంగా ఎక్కదు. రెండోది క్రోమియం-6. ఇది నీళ్లలో కరిగి, నీళ్లతో పాటే నేలలోకి దిగుతుంది, బావుల దాకా పోతుంది. పసుపుపచ్చ రంగు దీనిదే. దీని అణువు ఆకారం మన ఒంటికి అలవాటైన సల్ఫేట్‌ను పోలి ఉంటుంది. అందుకే కణాలు దాన్ని సల్ఫేట్ అనుకుని లోపలికి తీసుకుంటాయి. లోపలికి పోయాక అది రూపం మార్చుకుంటూ డీఎన్‌ఏను దెబ్బతీస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం క్రోమియం-6ను మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి జాబితాలో పెట్టింది. ముఖ్యంగా దుమ్ము రూపంలో పీల్చేవాళ్లకు ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు. చర్మం మీద మానని పుండ్లు, ముక్కు దూలానికి చిల్లు, ఎలర్జీ దురద దీని పాత గుర్తులు.

అయితే టానరీలో వాడేది మూడే కదా, భయం దేనికి అని యజమానులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. జవాబు వ్యర్థంలో ఉంది. క్రోమియం-3 అన్ని చోట్లా మూడుగానే ఉండిపోదు. క్రోమ్ తోలు ముక్కలనో, మురికినీళ్లు శుద్ధి చేశాక మిగిలి ఎండిన బురదనో (స్లడ్జ్) ఆరుబయట కాలిస్తే గాలి, వేడి, దానిలో ఉన్న సున్నం కలిసి కొంత క్రోమియం ఆరుగా మారుతుంది. బూడిదలో అది ఉంటుంది, వాన పడితే కరుగుతుంది. మట్టిలో మాంగనీస్ ఆక్సైడ్లు ఎక్కువగా ఉన్నచోట కాల్చకుండానే, చాలా నెమ్మదిగా, కొంత మారుతుంది. తయారైన తోలులో కూడా పని సరిగా చేయకపోతే కొద్దిగా పుడుతుంది. అందుకే యూరోపియన్ యూనియన్ 2015 మే నుంచి చర్మానికి తగిలే తోలు వస్తువుల్లో క్రోమియం-6 కిలోకు 3 మిల్లీగ్రాములు దాటకూడదని నిబంధన పెట్టింది. ఆ పరీక్ష నెగ్గడానికి మన ఎగుమతిదారులు ఎంతైనా ఖర్చు పెడతారు. బూటు కొనే విదేశీయుడి కాలికి ఉన్న రక్షణ, స్లడ్జ్ ఎత్తే మన కూలీ చేతికి ఎందుకు లేదని నేను చాలామందిని అడిగాను. సమాధానం చెప్పినవాళ్లు తక్కువ.

వ్యర్థం ఎన్ని రూపాల్లో బయటికి పోతుందో చూడండి. టన్ను పచ్చి తోలు లోపలికొస్తే చివరకు తోలుగా బయటికెళ్లేది 200 నుంచి 250 కిలోలే. వెట్ బ్లూను ఒకే మందానికి తేవడానికి షేవింగ్ మిషన్‌లో పెడితే నీలం రంగు పొట్టు రాలుతుంది. అంచులు కత్తిరిస్తే ముక్కలు వస్తాయి. గరుకు కాగితంతో రుద్దితే సన్నని దుమ్ము లేస్తుంది. కిలో తోలుకు దాదాపు 35 లీటర్ల నీళ్లు ఖర్చవుతాయని పాలారు కాలుష్యం మీద 1996లో వచ్చిన సుప్రీంకోర్టు తీర్పులోనే ఉంది. ఆ నీళ్లు శుద్ధి చేస్తే స్లడ్జ్ మిగులుతుంది. పొట్టులో ఉన్నది కొల్లాజెన్, అంటే మాంసకృత్తు. అందుకే దాన్ని ఉడికించి కోళ్ల దాణాలో కలిపే దుర్మార్గం పుట్టింది. ఢాకాలో హజారీబాగ్ టానరీల చుట్టూ ఆ వ్యాపారం పెరిగితే, బంగ్లాదేశ్ హైకోర్టు 2011లో ఆపమని ఆదేశించింది.

క్రోమియం-6 నేరుగా బయటపడే చోటు మరొకటి ఉంది. అది టానరీ కాదు, టానరీకి క్రోమ్ పౌడరు తయారుచేసే ఫ్యాక్టరీ. మన దేశపు క్రోమ్ ఖనిజం దాదాపు అంతా ఒడిశాలోని సుకింద లోయలో దొరుకుతుంది. ఖనిజాన్ని సోడా, సున్నంతో కలిపి పెద్ద కొలిమిలో కాలుస్తారు. అప్పుడు అందులోని క్రోమియం ఆరుగా మారి నీళ్లలో కరుగుతుంది. ఆ పసుపుపచ్చని ద్రావణంలోంచి రసాయనాలు తీస్తారు. తర్వాత దాన్ని మళ్లీ మూడుగా మార్చి తోళ్లకు అమ్ముతారు. కొలిమిలో మిగిలిన మడ్డిలో కడిగినా పోని క్రోమియం-6 ఉండిపోతుంది.

రాణిపేటలో తమిళనాడు క్రోమేట్స్ అండ్ కెమికల్స్ అనే ఫ్యాక్టరీ 1970ల మధ్య నుంచి 1990ల మధ్య దాకా ఈ పనే చేసింది. మూతబడే నాటికి ఆవరణలో పోగైన మడ్డి రెండు లక్షల టన్నుల దాకా ఉంటుందని అంచనా. చిత్తూరులో బస్సెక్కితే గంటన్నరలో చేరే చోటు అది. ఎండాకాలం చూస్తే మామూలు మట్టి దిబ్బలా ఉంటుంది. నాలుగు వానలు పడ్డాక వెళ్లాలి. దిబ్బ అడుగు నుంచి ఊరిన నీళ్లు నిమ్మపండు రంగులో గుంటల్లో నిలిచి ఉంటాయి. గుంట ఎండితే అంచు వెంట పసుపుపచ్చని ఉప్పు పెచ్చుగా కడుతుంది. చెప్పు కాలితో తొక్కితే పెళుసుగా విరుగుతుంది. ఆ పసుపుదనం రంగు కలిపిన నీళ్లది కాదు, క్రోమేట్‌ది, అంటే క్రోమియం-6ది. హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు ఈ దిబ్బ చుట్టూ భూగర్భ జలాలు పరీక్షించి, కాలుష్యం ఏ వైపు, ఎంత దూరం పాకుతోందో లెక్కకట్టారు. 2006లో అమెరికాకు చెందిన బ్లాక్‌స్మిత్ సంస్థ ప్రపంచంలో అత్యంత కలుషితమైన పది చోట్ల జాబితా వేస్తే అందులో రాణిపేట ఉంది. ఫ్యాక్టరీ మూతబడి పాతికేళ్లు దాటిన తర్వాత కూడా దిబ్బ కదల్లేదు. వైద్యం లేని జబ్బు కాదిది. ఇనుప సల్ఫేట్ వంటివి కలిపితే క్రోమియం-6 తిరిగి మూడుగా మారి కదలకుండా అణిగిపోతుంది. తర్వాత దాన్ని అడుగున పొరలు పరిచిన గుంటలో పూడ్చిపెట్టాలి. ఎవరు ఖర్చు పెట్టాలన్న దగ్గరే ఆగుతుంది. ఫ్యాక్టరీ లేదు, లాభం తిన్నవాళ్లు కనిపించరు, దిబ్బ మాత్రం ప్రజలది.

ఇలాంటిదే కాన్పూర్ దేహాత్ జిల్లాలో రనియా దగ్గర ఉంది. 1976 నుంచి పోగుపడిన క్రోమియం వ్యర్థం వల్ల అక్కడా భూగర్భ జలాలు పాడయ్యాయి. 2019లో జాతీయ హరిత ట్రైబ్యునల్ గట్టిగా కలగజేసుకోవాల్సి వచ్చింది.

పాలారు విషయానికి వస్తే ఒక నిజం విడమర్చి చెప్పాలి. ఈ నది కర్ణాటకలో నంది కొండల వైపు పుట్టి, మన కుప్పం ప్రాంతం మీదుగా తమిళనాడులోకి పోతుంది. ఏడాదిలో ఎక్కువ రోజులు పైన ఇసుకే. ఇసుక కింద నీళ్లు పారుతుంటాయి, ఊళ్ల బావులకు అవే ఆధారం. వాణియంబాడి నుంచి కిందికి పొలాలు బీడు పడటానికి ముఖ్య కారణం క్రోమియం అని చాలామంది అనుకుంటారు. ఉప్పుదే పెద్ద వంతు. తోలు చెడకుండా పట్టించిన ఉప్పు, తర్వాత ఆమ్లంతో పాటు వేసే ఉప్పు, అంతా నీళ్లలో కలిసి నేలలోకి దిగుతుంది. కొబ్బరి చెట్ల తలలు వాడిపోవడం, వరి నారు పండుబారడం ఉప్పు పని. క్రోమియం-3 చాలావరకు పై మట్టిలోనే చిక్కుకుంటుంది, మొక్క వేళ్ల దగ్గరే ఎక్కువగా ఆగుతుంది. ఈ తేడా చెప్పడం పరిశ్రమను వెనకేసుకు రావడం కాదు. ఉప్పు చేసే చెడు పంట మీద కనబడుతుంది, రైతు వెంటనే గొడవ చేస్తాడు. క్రోమియం మట్టిలో, స్లడ్జ్‌లో ఏళ్ల తరబడి మాట్లాడకుండా పోగవుతుంది. ఏదో ఒకరోజు ఎవరో దాన్ని కాలుస్తారు, లేదా ఇల్లు కట్టడానికి మెరక మట్టిగా ఎత్తుకుపోతారు. అందుకే ఇది ఉప్పు కంటే జాగ్రత్తగా చూసుకోవాల్సిన సంగతి.

కోర్టులు తమ వంతు చేశాయనే చెప్పాలి. వెల్లూరు పౌర సంక్షేమ వేదిక వేసిన కేసులో 1996 ఆగస్టు 28న సుప్రీంకోర్టులో జస్టిస్ కుల్దీప్ సింగ్ ధర్మాసనం ఇచ్చిన తీర్పు దేశ పర్యావరణ చట్టానికే మలుపు. కాలుష్యం చేసినవాడే బాగుచేసే ఖర్చు భరించాలని, హాని రుజువయ్యేదాకా ఆగకుండా ముందే జాగ్రత్తపడాలని, ఈ రెండూ మన చట్టంలో భాగమని అందులో తేల్చారు. ఆ ప్రాంతంలో 35,000 హెక్టార్ల సాగునేల పూర్తిగానో పాక్షికంగానో సాగుకు పనికిరాకుండా పోయిందని తీర్పులో నమోదైంది. ఒక్కో టానరీకి 10,000 రూపాయల జరిమానా వేశారు. ఇరవై ఎనిమిదేళ్లు దాటాక, 2025 జనవరి 30న, అదే పాలారు గురించి సుప్రీంకోర్టు మళ్లీ తీర్పివ్వాల్సి వచ్చింది. బాధితులకు పరిహారం ఇవ్వాలని, ఆ సొమ్ము కాలుష్యం చేసినవాళ్ల నుంచి వసూలు చేయాలని, నదిని బాగుచేయడానికి కమిటీ వేయాలని చెప్పింది. మొదటి తీర్పు సరిగా అమలై ఉంటే రెండోదానితో పనేముంది?

ఈ రెండు తీర్పుల మధ్యలో 2015 జనవరి 31న రాణిపేట సిడ్కో పారిశ్రామికవాడలోని ఉమ్మడి శుద్ధి కేంద్రంలో స్లడ్జ్ నిలవ చేసిన తొట్టి గోడ తెల్లవారకముందే కూలింది. ఆ బురద పక్కనున్న టానరీలో నిద్రపోతున్న కూలీలను ముంచేసింది. పదిమంది చనిపోయారు. ఎక్కువమంది పశ్చిమ బెంగాల్ నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చినవాళ్లు. శుద్ధి కేంద్రం ఉంటే చాలనుకుంటాం. శుద్ధి అంటే విషం మాయం కావడం కాదు, నీళ్లలోంచి బురదలోకి మారడం. ఆ బురదను ఎక్కడ పెట్టాలో ముందే చూసుకోకపోతే మనుషులు పోతారు.

మూడు కిలోల క్రోమ్‌ను వెనక్కి రాబట్టడం చాలా సులువైన రసాయనం. డ్రమ్ములో మిగిలిన క్రోమ్ నీళ్లను మిగతా మురికితో కలపకుండా వేరే గొట్టంలో తీసుకోవాలి. లీటరుకు 2,000 నుంచి 5,000 మిల్లీగ్రాముల క్రోమియం ఉండే చిక్కని నీలాకుపచ్చ నీళ్లవి. టానరీ బయటికి వదిలే నీళ్లలో మొత్తం క్రోమియం లీటరుకు 2 మిల్లీగ్రాములు దాటకూడదని చట్టం. ఈ నీళ్లలో మెగ్నీషియం ఆక్సైడ్ పొడి కొంచెం కొంచెంగా వేస్తూ కలుపుతారు. ల్యాబులో గాజు గ్లాసులో చేస్తే కంటికి బాగా కనబడుతుంది. మొదట గ్లాసంతా మబ్బు కమ్ముతుంది. తర్వాత బూడిదాకుపచ్చ బురద బరువుగా అడుగుకు దిగుతుంది. కొన్ని గంటలకు పైన తేట నీళ్లు, కింద క్రోమియం మిగులుతాయి. ఆ బురదలో గంధకామ్లం పోస్తే మళ్లీ క్రోమ్ ద్రావణం. కొత్త పౌడరుతో కలిపి మరుసటి డ్రమ్ములో వాడుకోవచ్చు. నీళ్లలో ఉన్న క్రోమ్ దాదాపు అంతా ఇలా తిరిగొస్తుంది. పెట్టిన డబ్బు కూడా కొంతకాలానికి తిరిగొస్తుంది.

మరి ఎందుకు చేయరు? నేను పనిచేసిన ఒక చోట ఈ ప్లాంటు కట్టించారు, దాని పేరు ఇక్కడ అనవసరం. అధికారులు వచ్చే రోజు మోటారు తిరిగేది. వాళ్ల జీపు గేటు దాటగానే ఆగేది. ఎందుకని అడిగితే మేస్త్రి చెప్పాడు: “సార్, క్రోమ్ నీళ్లు వేరే పట్టాలంటే ప్రతి డ్రమ్ము దగ్గరా ఒక మనిషి నిలబడాల. ఆ మనిషికి కూలి ఇచ్చేదెవురు?” ఒక్క మనిషి కూలి. చిన్న టానరీల్లో లాభం పలచగా ఉంటుంది. పెద్ద బూట్ల కంపెనీలు ధర ఇంకా తగ్గించమని ఒత్తిడి చేస్తాయి, పక్క టానరీ వాడు ఖర్చు పెట్టకుండా తప్పించుకుంటాడు. నిజాయితీగా నడిపేవాడు నష్టపోతాడు. యజమానులందరూ దుర్మార్గులని నేను అనను. కష్టపడి క్రోమ్ రాబట్టే టానరీలూ చూశాను. వాళ్లకు మార్కెట్లో ఒక్క రూపాయి ఎక్కువ రాదు. అదే అన్యాయం.

క్రోమ్ మానేసి మళ్లీ తంగేడు చెక్కకు పోదామని కొందరు ఉత్సాహంగా అంటారు. మా తాత లంద మీద నాకు ఎంత గౌరవం ఉన్నా ఆ మాట పూర్తిగా ఒప్పుకోలేను. ఊరికి సరిపడా తోలుకు తంగేడు సరిపోయింది. ప్రపంచానికి సరిపడా తోలు చెక్కతో చేయాలంటే చెట్లు మిగలవు. చెక్క కషాయం నీళ్లు కూడా నల్లగా, కుళ్లడానికి మొండికేసి, శుద్ధికి కష్టమవుతాయి. కొన్ని రకాలకు చెక్క తోలు, కొన్నింటికి క్రోమ్ లేని తెల్ల తోలు, మిగతావాటికి క్రోమ్ ఎక్కువగా తోలుకే ఎక్కేలా పద్ధతి మార్చడం, మిగిలింది రాబట్టడం. నీళ్లు లేకుండా క్రోమ్ ఎక్కించే పద్ధతిని కూడా చెన్నై తోళ్ల సంస్థ తెచ్చింది. ఇవన్నీ కలిస్తేనే పని అవుతుంది.

ఇక చదివేవారికి రెండు మూడు మాటలు. పాత చెప్పులు, బెల్టులు, తోలు ముక్కలు చెత్తతో కలిపి కాల్చకండి, చలిమంటల్లో అసలే వేయకండి. మీ ఊరి దగ్గర టానరీగానీ తోళ్ల పార్కుగానీ వస్తుందంటే ప్రజాభిప్రాయ సేకరణకు తప్పకుండా వెళ్లండి. ఉద్యోగాలెన్నని అడగడంతో సరిపెట్టకుండా స్లడ్జ్ ఏ ఊరికి, ఏ లారీలో పోతుందో రాతపూర్వకంగా అడగండి. పారిశ్రామికవాడ పక్కన బోరునీళ్లు పసుపు రంగు తిరిగితే మామూలు పరీక్షతో ఆగకుండా మొత్తం క్రోమియం ఎంతో, క్రోమియం-6 విడిగా ఎంతో చూడమని ల్యాబుకు చెప్పండి. తాగే నీళ్లలో మొత్తం క్రోమియం లీటరుకు 0.05 మిల్లీగ్రాములు దాటకూడదని మన ప్రమాణం. రంగు కనబడకపోయినా ఆ హద్దు దాటి ఉండవచ్చు. నీళ్లు కాచి తాగితే చాలనుకోకండి. కాచితే క్రిములు చస్తాయి గానీ క్రోమియం పోదు, నీళ్లు ఆవిరై తగ్గేకొద్దీ దాని గాఢత ఇంకా పెరుగుతుంది. పరీక్ష ఫలితం చేతికి వచ్చేదాకా ఆ బోరునీళ్లు పిల్లలకు పట్టకండి.